ఆదివారం తెరుచుకునే తలుపు



హైదరాబాదులో మౌలాలి గుట్ట కింద, ఓ సందు మలుపులో మాకు ఒక గది ఉంది. పాత రేకుల గది. నలుగురైదుగురం పదవీ విరమణ చేసినవాళ్లం, ముగ్గురు గృహిణులు, ఇద్దరు ముగ్గురు యూనివర్సిటీ విద్యార్థులు కలిసి దాన్ని నడుపుకొస్తున్నాం. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు తలుపు తీస్తాం. తొమ్మిదింటికే గడప ముందు చెప్పులు కనిపిస్తాయి. అరిగిన హవాయి చెప్పులు, అన్నవి వేసుకొచ్చిన చెల్లెలి పాదాలకు రెండింతలున్న బూట్లు, ఒక్కోసారి చెప్పులే లేని పాదాలు. రైల్వే క్వార్టర్స్ పిల్లలు, హౌసింగ్ బోర్డు కాలనీ పిల్లలు, మల్లాపూర్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, బతుకుతెరువు కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. బొమ్మలు గీస్తారు, పాటలు పాడతారు, డప్పు కొడతారు, చిన్న చిన్న నాటికలు కట్టుకుంటారు. పన్నెండింటికి అటుకులో, ఉప్మానో తిని ఇంటికి పోతారు. అంతే. మా సంఘం చేసేది అంతకంటే ఏమీ లేదు.

ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది ఆ తలుపు గురించి. పిల్లలకు కళలు నేర్పడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి వార్షికోత్సవాలు, పట్టు లంగాలు, మొహానికి రంగు, కప్పులు, సర్టిఫికెట్లు. వాటి వెనక మరొకటి ఉంది. ప్రతి వారం ఒకే వేళకు తెరుచుకునే ఒక తలుపు, తలుపు లోపల పిల్లవాడు చెప్పేది చివరిదాకా వినే ఒక పెద్దమనిషి. ఈ రెండూ ఉన్నచోట కళ దానంతటదే మొలకెత్తుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఎలా కలిగిందో చెబుతాను.

పోయిన ఏడు ఒక ఆదివారం అందరినీ మౌలాలి గుట్ట గీయమన్నాం. కిటికీ లోంచి కనిపిస్తూనే ఉంటుంది కదా అని. అందరూ గీశారు. గుండ్రటి పెద్ద బండ, పైన దర్గా, పైకి పోయే మెట్లు. ఎనిమిదేళ్ల ఒక అమ్మాయి మాత్రం గుట్టతో కాగితం అంతా నింపేసింది. మెట్లను మాత్రం చీమల బారులా గీసింది. ఒక్కో మెట్టు పెన్సిల్ మొన అంత. వంగి చూస్తే తప్ప కనపడవు. చూడగానే నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది. "మెట్లు ఇంత చిన్నగా ఉంటాయా? కొలత తప్పింది, చెరిపి మళ్లీ గీయి." ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ని, అలవాటు అలాంటిది. ఎందుకో ఆగి అడిగాను.

"మెట్లు గింత చిన్నగ ఎందుకు గీసినవ్ బిడ్డా?"

"మా అమ్మమ్మకు మోకాళ్లు నొస్తయ్ తాతా. పెద్ద మెట్లు ఎక్కలేదు. అందుకే చిన్నగ గీసిన."

శ్రోతలారా, ఆ మాట విన్నాక నేను కాసేపు ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. గుట్ట మీది మెట్లు అయిదువందల దాకా ఉంటాయి. అమ్మమ్మకు మొక్కు ఉందట, ఎక్కలేకపోతోందట. బిడ్డ తన పెన్సిల్‌తో ఆ దారిని అమ్మమ్మ కాళ్లకు తగ్గట్టు మార్చేసింది. చిత్రలేఖనంలో అంతకంటే పెద్ద పాఠం నాకు తెలియదు. అడగకుండా చెరిపించి ఉంటే, నాకు కొలతలు సరిగ్గా ఉన్న బొమ్మ ఒకటి దొరికేది. ఆ అమ్మాయి మనసులో ఉన్నది మాత్రం రబ్బరు పొడితో పాటు ఊడ్చుకుపోయేది.

ఇప్పుడు మిమ్మల్ని ఆ గుట్ట కిందికే తీసుకెళ్తాను. అక్కడ ఒక తోట ఉంది. ఎత్తయిన గోడలు, కమాను, లోపల చక్కటి సమాధులు. తోటలో పడుకుని ఉన్నది మహలఖా బాయి చందా. 1768లో పుట్టిన ఆ మహిళ అసలు పేరు చందా. మహలఖా బాయి అన్నది నిజాం కొలువు ఇచ్చిన బిరుదు, చంద్రముఖి అని అర్థం. ఉర్దూలో దివాన్, అంటే కవితా సంపుటి, కూర్చిన తొలినాటి మహిళా కవుల్లో ఆమె ఒకరు. ఖుష్‌హాల్ ఖాన్ అనే ఉస్తాదు దగ్గర సంగీతం నేర్చుకుంది. పాటలో, నాట్యంలో దక్కనులోనే పేరు మోసింది. రెండో నిజాం, మూడో నిజాం దర్బారుల్లో ప్రభువులైన ఉమరావుల సరసన గౌరవం అందుకుంది. 1792లో తల్లి రాజ్ కన్వర్ బాయి కన్నుమూస్తే, మౌలా అలీ మీద భక్తితో ఈ గుట్ట కిందే తల్లికి సమాధి, తోట కట్టించింది. 1824లో తాను పోయాక తల్లి పక్కనే నిద్రపోయింది. పాడుబడిపోయిన ఆ తోటను 2010, 2011 ప్రాంతంలో మళ్లీ బాగుచేశారు.

ఆమె కథలో నన్ను పట్టి నిలిపేది ఆమె సంపద కాదు, ఆ సంపదతో ఆమె చేసిన పని. తన ఇంట్లో ఆడపిల్లలను చేరదీసి, పెంచి, సంగీతం, నాట్యం నేర్పించింది. మూడువందల మంది దాకా నేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఆ నేర్పు దర్బారు కొలువుకు దారి. ఆ పిల్లల జీవితాల్లో స్వేచ్ఛ ఎంత, కట్టుబాటు ఎంత అని మనం ఇవాళ అడగక తప్పదు. అడగాలి కూడా. అయినా ఒక సంగతి మిగులుతుంది. రెండు శతాబ్దాల కిందట, మా మౌలాలి నేలతో ముడిపడిన ఒక స్త్రీ తన సొంత సొమ్ముతో పిల్లలకు కళ నేర్పే ఇల్లు నడిపింది. పాట ఒకరి దగ్గర నుంచి మరొకరికి అందాలంటే ఒక ఇల్లు ఉండాలని, ఆ ఇంట్లో నేర్పే మనిషికి, నేర్చుకునే పిల్లకు తిండి ఉండాలని ఆమెకు తెలుసు.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. నిజాం ఆమెకిచ్చిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఆ అడిక్‌మెట్ నేల మీదే తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం అమరింది. మహలఖా బాయి పేరుతో పిలిచే పాత మెట్లబావి ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. నేను ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీకి నడిచిపోయేవాణ్ని. చెట్ల నీడ, ఎర్రమట్టి దారి, గ్రంథాలయం, చాయ్ బండి. ఆ దారిలో నడిచిన వేలమందిలో ఎందరికి తెలుసు, పాట నేర్చిన ఒక అమ్మ జాగీరు మీద చదువుకుంటున్నామని! నాకు తెలియదు అప్పుడు. తెలిశాక మాత్రం మౌలాలికి, ఉస్మానియాకు నడుమ లాలాపేట ఫ్లై ఓవర్ కంటే పాతదైన దారి ఒకటి కనిపించింది.

ఇక పిల్లలకు తలుపు తెరిచిన రేడియో సంగతికి వస్తాను. ఇది మన ఇంటి కథ.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక రేడియో ఉండేది. దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ ముసుగు. ఆదివారం వచ్చిందంటే ఆ ముసుగు తీసి, చుట్టూ చేరి, పిల్లల కార్యక్రమం బాలానందం కోసం ఎదురుచూసేవాళ్లం. ఆ పేరు వెనక ఇద్దరు మనుషులున్నారు. న్యాయపతి రాఘవరావు, న్యాయపతి కామేశ్వరి. ఆయన 1905లో బరంపురంలో పుట్టారు. ఆమె 1908లో విజయనగరంలో పుట్టారు. 1938లో మద్రాసులో రేడియో కేంద్రం మొదలయ్యాక తెలుగు పిల్లల కార్యక్రమాన్ని ఆ దంపతులు భుజాన వేసుకున్నారు. తెలుగు పిల్లలంతా ఆయన్ని రేడియో అన్నయ్య అన్నారు, ఆమెను రేడియో అక్కయ్య అన్నారు.

ఆ పిలుపులు గమనించండి. మాస్టారు అనలేదు, గురువుగారు అనలేదు. అన్నయ్య, అక్కయ్య. మన ఇళ్లలో అన్నయ్య అంటే ఎవరు? నాన్నకు చెప్పలేనిది చెప్పుకోగలిగినవాడు. తప్పు చేస్తే దిద్దుతాడు, నలుగురిలో నవ్వులపాలు కానివ్వడు. అక్కయ్య అంటే జడ వేస్తూ కథ చెప్పేది. ఆ రెండు బంధుత్వాలను ఎంచుకున్నప్పుడే వాళ్ల బోధన పద్ధతి తేలిపోయింది. పిల్లవాడి పక్కన కూర్చోవాలి, ఎదురుగా నిలబడకూడదు.

1940లో వాళ్లు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. రేడియోలో వినిపించేది వారానికి కొద్దిసేపే కదా. ఆ కొద్దిసేపు పోయాక పిల్లలు ఎక్కడికి పోవాలి? అందుకు సంఘం. ఆటలు, పాటలు, నాటికలు, కథలు. రేడియో గాలిలో వచ్చి గాలిలో పోతుంది, సంఘానికి మాత్రం గుమ్మం ఉంటుంది. 1945లో "బాల" అనే పత్రిక కూడా తెచ్చారు. పిల్లల కోసం పెద్దలు రాసేదే కాక, పిల్లలు రాసి పంపినవి, గీసి పంపినవి అచ్చువేసే పత్రిక అది. అలా పంపినవాళ్లలో ఇద్దరు మద్రాసు కుర్రాళ్లున్నారు. ఒకరు కథ పంపారు, పేరు "అమ్మ మాట వినకపోతే". ఆ కుర్రాడు ముళ్లపూడి వెంకటరమణ. ఇంకొకరు బొమ్మ పంపారు. ఆయనే బాపు. 1933 డిసెంబరులో పుట్టిన బాపుకు అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండి ఉండవు.

ఆ తర్వాత ఆ ఇద్దరూ తెలుగువాళ్లకు ఏమిచ్చారో మీకు నేను చెప్పనక్కరలేదు. బుడుగును ఇచ్చారు. మన అక్షరాలకు ఒక కొత్త వంపు ఇచ్చారు. వెండితెర మీద రాముణ్ని, సీతను ఇచ్చారు. ఆ ఏటికి మొదటి చినుకు ఎక్కడ పడిందో గుర్తుంచుకుందాం. ఒక పిల్లవాడు గీసిన బొమ్మ పోస్టులో వచ్చినప్పుడు, కవరు విప్పి, కూర్చొని, శ్రద్ధగా చూసిన ఒక అన్నయ్య దగ్గర పడింది. పత్రికాఫీసుకు పిల్లల కవర్లు వస్తూనే ఉంటాయి. విప్పే చేతుల్లోనే ఉంది అంతా.

రాష్ట్రాలు మారి, 1956 తర్వాత ఆ దంపతులు హైదరాబాదుకు వచ్చారు. నారాయణగూడలో బాలానంద సంఘం స్థిరపడింది. మద్రాసు నుంచి వచ్చినవాళ్లు తమతో మోసుకొచ్చింది ఆ తలుపునే. 1980లో అక్కయ్య పోయారు, 1984లో అన్నయ్య పోయారు. వాళ్ల తర్వాత హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలను ఏళ్ల తరబడి నడిపిన తురగా జానకీరాణిని కూడా పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలుచుకున్నారు. మనుషులు మారినా పిలుపు మిగిలింది. సంఘం అంటే నా దృష్టిలో అదే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చోగలిగిన చోటు.

ఇంత వారసత్వం ఉన్న నగరంలో ఇవాళ పిల్లల పరిస్థితి ఏమిటి? నా సొంత అనుభవమే చెబుతాను. నేను చదివిన బళ్లో వారానికి ఒక డ్రాయింగు పీరియడు ఉండేది. టైంటేబులు మీద ఉండేది. ఆ పీరియడు గంట కొట్టగానే లెక్కల సారు వచ్చేవారు. "పరీక్షలు దగ్గర పడ్డాయి, బొమ్మలు తర్వాత గీసుకోవచ్చు" అనేవారు. ఆ తర్వాత అనేది నా బడి జీవితంలో రాలేదు. ఆయన చెడ్డవారు కారు. మా మంచి కోరే చేశారు. ఆ మంచి కోరడంలోనే మా చేతుల్లోంచి ఏదో జారిపోయింది. నేను పంతులునయ్యాక నేనూ ఒకటి రెండుసార్లు అదే పని చేశాను. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ ఆదివారాలు ఆ బాకీ తీర్చుకోవడానికే అనిపిస్తుంది ఒక్కోసారి.

1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చేసింది. అందులో 31వ అధికరణం పిల్లలకు విశ్రాంతి, ఆట, కళల్లో, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడం హక్కు అని చెబుతుంది. మన దేశం 1992లో దానికి కట్టుబడింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చదువుకు, కళలకు నడుమ గోడ ఉండకూడదని చెప్పింది. హక్కు అన్న మాట కాగితం మీద ఉంది. గది, రంగులు, నేర్పే మనిషి ఎక్కడినుంచి వస్తారు? డబ్బున్నవాళ్ల పిల్లలకు మ్యూజిక్ క్లాసులున్నాయి, డ్యాన్స్ అకాడమీలున్నాయి. ప్రభుత్వం నడిపే బాలభవన్ నగరం నడిబొడ్డున పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది. మంచి సంస్థ. కానీ మౌలాలిలో ఉన్న పనిమనిషి తన బిడ్డను రెండు బస్సులు మార్చి అక్కడికి తీసుకుపోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకే వాడవాడకూ ఒక తలుపు కావాలి. నడిచి పోగలిగినంత దూరంలో.

ఈ మాట చెప్పినప్పుడల్లా మిత్రులు అడుగుతారు, ఎంతమంది వస్తారండీ అని. ఆ ప్రశ్నకు దూరదేశం నుంచి ఒక జవాబు ఉంది. వెనిజులాలో హోసే ఆంతోనియో అబ్రేయు అనే సంగీతకారుడు 1975లో పేదపిల్లలకు వాద్యసంగీతం నేర్పాలనుకున్నారు. కారకాస్ నగరంలో ఒక గ్యారేజీలో తొలి సాధన. నూరుమంది కోసం సంగీతపు కాగితాలు పెట్టుకునే యాభై స్టాండ్లు సిద్ధం చేసుకున్నారు. వచ్చింది పదకొండుమంది. ఇక్కడితో మూసేయాలా, ఈ పదకొండుమందిని పెంచాలా అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారట. మూసేయలేదు. ఆ పని తర్వాత ఎల్ సిస్తెమా అనే పేరుతో దేశమంతా పాకి, లక్షలమంది పిల్లల చేతికి వాద్యాలను అందించింది. దాంట్లో పెరిగిన గుస్తావో దుదమెల్ 2009లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ వాద్యబృందానికి సంగీత దర్శకుడయ్యారు. మా గదికి మొదటి ఆదివారం వచ్చినవాళ్లు నలుగురు. వాళ్లలో ఇద్దరు వాన పడుతోందని తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు. మేమూ మూసేయలేదు.

ఎవరు నేర్పాలి అన్నది రెండో ప్రశ్న. మా దగ్గర డప్పు నేర్పేది పక్క బస్తీలో ఉండే ఒక పెద్దాయన. ఆయన బడికి పోలేదు. ఆదివారం వస్తే సందులో నాలుగు చితుకులు పోగేసి మంట పెడతారు. డప్పును ఆ మంట సెగకు అటూ ఇటూ తిప్పుతారు. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుంటారు. మేక తోలు వేడెక్కి బిగుసుకుంటుంటే వేలితో తట్టి వినిపిస్తారు. మొదట మొద్దు శబ్దం. మళ్లీ కాచి తడతారు, కొంచెం గట్టిపడుతుంది. మూడోసారి తట్టగానే కంగున మోగుతుంది. పిల్లల కళ్లు మెరుస్తాయి. అప్పుడు కుడిచేతికి చిర్ర ఇస్తారు, ఎడమచేతికి సిటికెన పుల్ల ఇస్తారు. "ఆగమాగం కొట్టకు కొడుకా, ఒక దెబ్బ ఇను, ఇన్నంక ఇంకో దెబ్బ" అంటారు. నేను ఎన్నో ఏళ్లు శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను. వినడం గురించి అంతకంటే తేట మాట ఎక్కడా దొరకలేదు.

ఆ గుంపులో ఒక పిల్లవాడున్నాడు. బళ్లో నోరు విప్పడని వాళ్లమ్మ బాధపడేది. మాట తడబడుతుంది వాడికి. తోటి పిల్లలు వెక్కిరిస్తారని మూగనోము పట్టాడు. డప్పు చేతికి వచ్చాక వాడి దరువు తడబడలేదు. ఒక ఆదివారం పెద్దాయన వాణ్ని ముందు నిలబెట్టి, "నువ్వు కొట్టు, మేం అందుకుంటం" అన్నారు. వాడు కొట్టాడు. ఇరవైమంది అందుకున్నారు. ఆ రోజు అటుకులు పంచుతుంటే వాడే వచ్చి, "ఇంకొంచెం పెట్టు అక్కా" అన్నాడు. మాట తడబడింది. అయినా పూర్తిచేశాడు. వడ్డిస్తున్న మా గృహిణి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

డప్పు అంటే చావుకో, చాటింపుకో అనుకుని ముక్కు చిట్లించేవాళ్లు ఇంకా ఉన్నారు మనలో. ఆ పెద్దాయన పిల్లలకు గురువై, అన్ని కులాల పిల్లలూ ఆయన చేతి నుంచి చిర్ర అందుకుంటుంటే, బడి పుస్తకంలో సమానత్వం పాఠం చెప్పనక్కరలేని రోజు అది. చేర్యాల బొమ్మల విషయమూ అంతే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మాస్కులు చేస్తాయి. ఒకసారి అలాంటి మాస్కులు చేయడం పిల్లలకు చూపించాం. చింతగింజల జిగురు వాసన వారం రోజులు గదిని వదల్లేదు. ఖర్చు ఎంతని? చింతగింజలు ప్రతి ఇంట్లో పారేసేవే, పొట్టు కోత మిషను దగ్గర ఊరికే దొరుకుతుంది. మన చుట్టూ ఉన్న వస్తువులతో, మన చుట్టూ ఉన్న గురువులతో మొదలుపెట్టవచ్చు. అయితే ఆ గురువులకు చేతిలో నాలుగు డబ్బులు తప్పకుండా పెట్టాలి. కళాకారుణ్ని సన్మానం చేసి శాలువాతో పంపేయడం మనకు అలవాటు. శాలువాతో బియ్యం రావు.

సంఘం పెట్టాలంటే ఏం కావాలి అని అడిగేవారికి ఒక సంగతి. ఏడుగురు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. ఏటేటా లెక్కలు రాసి చూపాలి. రూపాయి ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది గోడ మీద అంటించండి. నమ్మకం అక్కడ పుడుతుంది. కమ్యూనిటీ హాలో, గుడి మంటపమో, ఆదివారం ఖాళీగా ఉండే బడి గదో అడగండి. పక్కనే యూనివర్సిటీ ఉంటే ఇంకా మంచిది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో చేరిన ప్రతి విద్యార్థీ రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో కొన్ని మాకు ఇవ్వమని ఉస్మానియా విద్యార్థులను అడిగాం. వచ్చారు. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి పిల్లలకు ఒగ్గు కథ చెప్పే తీరు చూపించాడు. మా తాత చెప్పేవాడు, నాకు రాదనుకున్నాను, ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది అన్నాడు. నేర్పడానికి వచ్చి తన తాతను వెతుక్కున్నాడు ఆ పిల్లవాడు.

ఇంకొక్క మాట, చాలా ముఖ్యమైనది. పిల్లలతో పనిచేసేచోట ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తలుపు తీసే ఉండాలి. తల్లిదండ్రులు ఎప్పుడొచ్చినా లోపలికి వచ్చి కూర్చోగలగాలి. మేం తలుపు తెరుస్తాం అంటే అర్థం అది కూడా. తెరిచిన తలుపు పిల్లలకు రక్ష.

పోటీలు పెట్టమని మమ్మల్ని చాలామంది అడుగుతారు. మొదటి బహుమతి, రెండో బహుమతి ఉంటే తల్లిదండ్రులకు ఉత్సాహం వస్తుందంటారు. టీవీలో పిల్లల పోటీలు చూసి, తమ బిడ్డ కూడా అలా నెగ్గాలని కోరుకునే తల్లులను నేను తప్పుపట్టను. కానీ గుట్ట మెట్లను చీమల్లా గీసిన బొమ్మకు ఎన్నో బహుమతి ఇవ్వాలి? మూడు బహుమతులిస్తే ముగ్గురు నవ్వుతారు, ముప్పైమంది వచ్చే వారం రారు. అందుకే మేం ఏడాది చివర గోడలన్నిటికీ అందరి బొమ్మలూ తగిలిస్తాం. ప్రతి బొమ్మ పక్కనా గీసిన బిడ్డ నిలబడి, వచ్చినవాళ్లకు దాని కథ చెబుతుంది. వచ్చిన పెద్దవాళ్ల పని ఒక్కటే, వినడం.

చివరిగా ఒక తప్పు ఒప్పుకోవాలి. అప్పట్లో తాళంచెవి నా దగ్గరే ఉండేది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం బంధువుల పెళ్లి ఉందని ఊరికి పోయాను. ఒక్క వారమే కదా, పిల్లలు ఆడుకుంటారులే అనుకున్నాను. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు, చెప్పనూ లేదు. సోమవారం సాయంత్రం వచ్చి తలుపు తీశాను. తలుపు కింది సందులోంచి లోపలికి తోసిన కాగితాలు నేల మీద పడి ఉన్నాయి. తొమ్మిది బొమ్మలు. గడప మీద కూర్చుని గీసినట్టున్నారు, ఇసుక గీతలు పడ్డాయి కాగితాల మీద. ఒక కాగితం మీద మా తలుపు బొమ్మ ఉంది. ఆకుపచ్చ రంగు, తాళం, ముందు చెప్పులు. కింద వంకర అక్షరాలతో రాసి ఉంది, తాత రాలే అని.

ఆ కాగితం ఇప్పుడు మా గది లోపల, తలుపు వెనక అంటించి ఉంది. తాళంచెవులు ఇప్పుడు మూడు. నా దగ్గర ఒకటి, ఒక గృహిణి దగ్గర ఒకటి, యూనివర్సిటీ విద్యార్థి దగ్గర ఒకటి. మేం ముగ్గురం ఒకేసారి ఊరు దాటం. రేడియో అన్నయ్య, అక్కయ్య వారం వారం చేసింది తలుపు తప్పక తెరవడమేనని ఆ తొమ్మిది కాగితాలు చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. పిల్లలు ఎదురుచూస్తారు. వాళ్ల ఎదురుచూపు మీద కళ నిలబడుతుంది. ఒక్క వారం తలుపు మూస్తే, మూసింది ఒక్క వారమే అని మనం అనుకుంటాం, గడప మీద కూర్చున్న బిడ్డ అలా అనుకోదు.

మీ వీధిలో ఇలాంటి గది ఉంటే ఒక ఆదివారం వెళ్లి కూర్చోండి. లేకపోతే మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. మీ బిడ్డో, మనవరాలో, పనిమనిషి కూతురో ఏదైనా గీసి తెస్తే, బాగుంది అని పక్కన పెట్టేయకండి. ఇదేమిటో చెప్పమ్మా అని అడిగి, చెప్పేదాకా ఆగండి. మెట్లు ఎందుకు చిన్నవయ్యాయో మీకూ తెలుస్తుంది.